దవడ తిప్పితే ఆరిపోయే డబ్బా

పళ్ళక్క ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. కుళాయిలో నీళ్ళొచ్చాయని పక్కింటివాళ్ళు కేకేస్తే, బకెట్టు అందుకునే ముందు తన కుళాయి తిప్పి చూసుకునేది. గోడ గడియారం, చేతి గడియారం, ఫోను మూడూ ఒకే మాట చెబితే తప్ప గడప దాటేది కాదు. "పెళ్ళికి ముందు మా ఆవిడ నన్ను కిటికీ పక్కన వెలుతురులో నిలబెట్టి మరీ చూసింది, ఎక్కడైనా అతుకు పెట్టారేమోనని" అంటూ వాళ్ళాయన నలుగురినీ నవ్వించేవాడు. అందరితో పాటు ఆమే నవ్వేది. కానీ చూసిన మాట నిజమే.

ఆమె పని పళ్ళు చేయడం. డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి పంపితే, అందులో ప్లాస్టరు పోసి దవడ తయారుచేసి, ఆ దవడ మీద మైనంతో పన్ను చెక్కేది. ఆ మైనం పన్నే తర్వాత లోహమో పింగాణీయో అయి ఎవరి నోట్లోనో కుదురుకుంటుంది. ఇరవయ్యారేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు, అదే స్పిరిటు దీపం. ఎవరైనా నవ్వితే ఆమె చూపు ముందు కళ్ళ మీదికి పోదు, పళ్ళ మీదికే పోతుంది. ఏది సొంతం, ఏది కట్టుడు, ఏది ఎవరు కట్టారు, అన్నీ చెప్పేయగలదు.

ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో రాలేదు. పనిలో చేరిన మూడో ఏట ఒక డాక్టరు పంపిన అచ్చు దారిలో కాస్త సాగిపోయింది. ఆమెకది తెలియదు. అచ్చు అచ్చే కదా అని నమ్మి, పూర్తి పలువరస కట్టి పంపింది. ఒక పెద్దావిడ దాన్ని నాలుగు రోజులు పెట్టుకుని, చిగుళ్ళు పుండ్లు పడి, గంజి కూడా మింగలేకపోయింది. డాక్టరు నేరం ల్యాబు మీదకి నెట్టాడు, ల్యాబులో అందరి చూపూ ఈమె మీదకి తిరిగింది. ల్యాబు పెట్టిన పెద్దసారు మాత్రం ఆ అచ్చు చేతిలోకి తీసుకుని, "అచ్చు కూడా అబద్ధమాడుతుందమ్మా. చేత్తో కొలిచిందే నమ్ము" అన్నాడు. ఆ రోజు నుంచి పళ్ళక్క వచ్చిన ప్రతి అచ్చునూ దొంగను నిలదీసినట్టు నిలదీసేది. క్రమంగా ఆ అలవాటు అచ్చుల దగ్గర ఆగలేదు.

పెద్దసారు పోయాక ల్యాబు ఆయన కొడుకు చేతికొచ్చింది. అందరూ చిన్నసారు అనేవాళ్ళు. మనిషి మంచివాడే గానీ మాట నిలకడ తక్కువ. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళదే రైటు. ఒకనాడు ఆయన అట్టపెట్టెలు మోయించుకుంటూ లోపలికొచ్చాడు. అచ్చును లోపల పెడితే చాలు, చుట్టూ వెలుగు తిరిగి, దవడ మొత్తం కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమయ్యే స్కానరు. ఇక మైనం అక్కర్లేదు, తెర మీదే పన్ను చెక్కవచ్చు.

"అక్కా, ఇది మీరే నేర్చుకోవాలి. మీ చేతికున్న లెక్క ఇంకెవరికీ లేదు" అన్నాడు చిన్నసారు.

పళ్ళక్క తల ఊపింది. ఆయన అటు వెళ్ళగానే పక్క బల్ల వైపు తిరిగి, "బాబాయ్, ఇది నాకు పని నేర్పడానికి వచ్చిందంటావా, నా పొట్ట కొట్టడానికి వచ్చిందంటావా?" అంది.

పక్క బల్ల పింగాణీ బాబాయిది. అరవై దగ్గరపడ్డ మనిషి. పన్ను మీద పింగాణీ పొడి పొరలు పొరలుగా వేసి, ఫర్నేసులో కాల్చి, అసలు పన్ను ఏదో నకిలీ ఏదో తెలియకుండా రంగు కలిపేది ఆయనే. ఆయన కుంచె కడుక్కోసాగాడు. కానీ గది చిన్నది, తలుపు తెరిచే ఉంది. ఆ మాట చిన్నసారు చెవిన పడనే పడింది.

పద్దులు రాసుకునే పాత కంప్యూటర్ ఒకటి ల్యాబులో ముందే ఉంది. దానికి స్కానరు తగిలిస్తే తెర మీద దవడ నత్త నడక నడిచింది. చిన్నసారు బావమరిదికి కంప్యూటర్ల కొట్టు ఉంది. అతను వచ్చి, "బొమ్మలు గీసే బలం దీనికి లేదు బావా. గ్రాఫిక్స్ కార్డు వేస్తే పరిగెడుతుంది" అన్నాడు. మర్నాడు కార్డు తెచ్చి, పక్క రేకు విప్పి, లోపల బిగించి, రేకు మూసి వెళ్ళిపోయాడు. తెర మీద పన్ను బొంగరంలా తిరిగింది. చిన్నసారు చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

రెండో రోజున ఆరిపోయింది.

మామూలుగా ఆరడం కాదు. ఒక పూర్తి పైదవడను తెర మీద తెరిచి, వెనక నమిలే పళ్ళు చూద్దామని తిప్పుతుంటే, ఠపీమని తెర నల్లబడింది. లోపలి ఫ్యానూ ఆగింది, ముందు వెలిగే చిన్న దీపమూ పోయింది. కరెంటు పోయిందేమోనని చూస్తే తలపైన లైటు వెలుగుతూనే ఉంది. మీట నొక్కితే ఉలకదు పలకదు. కాసేపాగి నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. గంట పని గాలికిపోయింది.

మర్నాడు రెండుసార్లు అలాగే అయింది. ఆ మర్నాడూ అంతే.

బావమరిది వచ్చాడు. కుర్చీలో కూర్చుని, తెర మీద ఒక్క పన్ను తెరిచి, అటు తిప్పి ఇటు తిప్పి, పది నిమిషాలు ఆడించాడు. నిక్షేపంలా నడిచింది. "చూశావా బావా, మెషినులో ఏ లోపమూ లేదు" అని, గొంతు తగ్గించి, "ప్లగ్గు కాళ్ళ దగ్గరే ఉంది కదా. ఎవరి కాలైనా తగులుతోందేమో చూసుకో. తగిలిందో, తగిలించారో" అన్నాడు.

గొంతు తగ్గించిన మాటలే పళ్ళక్కకు బాగా వినపడతాయి. ఆమె చేతిలో మైనం కత్తి ఆగిపోయింది. ఇరవయ్యారేళ్ళలో ఆమె అందరినీ అనుమానించింది గానీ ఆమెను అనుమానించినవాళ్ళు లేరు. అదెలా ఉంటుందో ఆమెకు ఇప్పుడే తెలిసింది. అన్నం ముద్దలో రాయి కొరికినట్టుంది.

మరుసటి ఉదయం వచ్చేసరికి చిన్నసారు బల్ల చోటు మారింది. ఇదివరకు వాకిలి పక్కనుండేది, ఇప్పుడు సరిగ్గా ఆమె వీపు వెనక ఉంది. "అక్కడ ఎండ కొడుతోంది" అన్నాడాయన, ఎవరూ అడక్కముందే. ప్లగ్గు దగ్గర వంగి చూస్తే, ప్లగ్గుకీ గోడకీ కలిపి టేపు అంటించి ఉంది. టేపు మీద నుంచి గోడ మీదికి పెన్నుతో ఒక గీత. ప్లగ్గు కదిలితే గీత చెదురుతుంది. ఈ ఎత్తు ఆమె తనే ఎన్నో డబ్బాల మూతల మీద వేసింది. అర్థం కాకపోవడానికేముంది?

ఆ రోజు కంప్యూటర్ మళ్ళీ ఆరింది. చిన్నసారు లేచి వచ్చి ముందు తెర చూడలేదు, వంగి టేపు చూశాడు. గీత చెదరలేదు. అయినా ఆయన ముఖంలో అనుమానం పోలేదు, చోటు మాత్రం మారింది. ఇప్పుడు ఆయన కళ్ళు ఆమె కుడిచేతి వెంట, మీట దాకా వెళ్ళొస్తున్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో వాళ్ళాయనతో చెప్పుకుంది. "నన్ను పంపించెయ్యడానికి సాకు వెతుకుతున్నారు. ముందు మెషినొచ్చింది, వెనక నింద వచ్చింది. రేపోమాపో 'అక్కా, మీకీ పని ఒంటబట్టలేదు' అంటారు."

"లేదా మెషినే బాగోలేదేమో."

"బామ్మర్ది వేసిన మెషిను బాగోలేదని చిన్నసారు అంటాడా? దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని వాళ్ళ లెక్క."

"సరే, నువ్వు అనుమానించడంలో అందెవేసిన చెయ్యివి కదా. కూర్చుని ఏడిస్తే ఏమొస్తుంది, ఆ అనుమానాన్నే పనిలో పెట్టు" అన్నాడాయన, కంచంలోంచి తలెత్తకుండా.

ఆమె చిన్న నోటుపుస్తకం పెట్టింది. ఆరిన ప్రతిసారీ టైము, తెర మీద ఏముంది, గదిలో ఎవరున్నారు, ఎవరేం చేస్తున్నారు అన్నీ రాసింది. ఐదుసార్లు రాసేసరికి ఒక సంగతి కళ్ళబడింది. ఐదింటిలో నాలుగుసార్లు బాబాయి ఫర్నేసు వెలుగుతూ ఉంది. ఇంకో సంగతీ ఉంది, అది పుస్తకంలో రాయలేదు. ఈ మధ్య బాబాయీ చిన్నసారూ వరండాలో నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమె వస్తే ఠక్కున ఆపేస్తున్నారు.

రెండూ కలిపితే ఆమెకు కథ పూర్తయింది. తన మీద కాపలా పెట్టింది బాబాయినే. ఫర్నేసూ కంప్యూటరూ ఒకే గోడ కరెంటు మీద ఉన్నాయి. ఆమె దవడ తెరవగానే ఆయన ఫర్నేసు మీట వేస్తున్నాడు. ఎందుకు? ఆమె పోతే ఆ మెషిను ముందు ఎవరు కూర్చుంటారు? పక్క బల్ల ఆయనే కదా!

ఆరోసారి ఆరినప్పుడు ఆమె ఆగలేకపోయింది. చిన్నసారు బ్యాంకుకు వెళ్ళాడు, గదిలో ఇద్దరే ఉన్నారు.

"బాబాయ్, నేను దవడ తెరిచిన ప్రతిసారీ నీ ఫర్నేసు ఎందుకు వెలుగుతోంది?"

బాబాయి కుంచె పట్టుకునే తలెత్తాడు. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలిగేదే కదమ్మా అది."

"నీకు తెలీకుండా జరుగుతోందనుకోమంటావా? వరండాలో మీరిద్దరూ గుసగుసలాడేది నా గురించి కాదనుకోమంటావా?"

ఆయన కుంచె కింద పెట్టాడు. మెల్లగా లేచి వెళ్ళి, ఫర్నేసు మీట ఆపి, గోడలోంచి ప్లగ్గు కూడా లాగేశాడు. లోపల కాలుతున్న మూడు పళ్ళు పాడైపోతాయని ఇద్దరికీ తెలుసు. ఆయన తన స్టూలు లాక్కొచ్చి ఆమె పక్కన వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"తిప్పు" అన్నాడు.

ఆమె కంప్యూటర్ వెలిగించింది. దవడ తెరిచింది. తిప్పింది. ఒక నిమిషం, రెండు, మూడు. నాలుగో నిమిషంలో తెర ఠపీమంది.

నల్లటి తెరలో ఇద్దరి ముఖాలూ కనపడ్డాయి.

"కళ్ళమ్మాయ్" అన్నాడు బాబాయి. "రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషను చెయ్యాలన్నారు. రంగులు కలిపేవాడికి చూపు మసకేసిందంటే డాక్టర్లు ఈ ల్యాబుకి పని పంపుతారా? అందుకే ఎవరికీ తెలియనివ్వద్దని చిన్నసారుని బతిమాలుకుంటున్నా. ఆ గుసగుసలు అవే." స్టూలు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. "ఇరవయ్యేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం" అని మాత్రం అన్నాడు, ఇటు తిరక్కుండానే.

పళ్ళక్క లేచి ఆయన బల్ల దాకా వెళ్ళింది. తప్పయిపోయింది బాబాయ్ అనాలనుకుంది, అంది కూడా. ఆయన వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో పనికి కావలసిన మాట తప్ప ఇంకో మాట ఆడలేదు. ఆ మౌనం చిన్నసారు చూపు కంటే బరువుగా ఉండేది. మనిషిని అనుమానించి చెయ్యి కాల్చుకున్నాక, ఇక మనుషుల జోలికి పోకూడదనుకుంది. పుస్తకంలో "ఎవరున్నారు" అన్న గడి కొట్టేసింది. తెర మీద ఏముంది, ఎంతసేపటికి ఆరింది, ఎంతసేపటికి లేచింది, ఇవే రాయడం మొదలుపెట్టింది.

పదకొండోసారి రాశాక పుస్తకం తీసుకుని ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది.

వాళ్ళాయన అక్క మోటార్లకు వైండింగు కట్టేది. భర్త మొదలుపెట్టిన కొట్టు, ఇప్పుడు ఆమెదే. వాకిట్లో రాగితీగ చుట్టలు, లోపలంతా వార్నిషు వాసన. కాలిపోయిన మోటారును వాసన చూసి ఎందుకు కాలిందో చెబుతుందని ఆమెకు పేరు. ఆమె మోటారు మీదనుంచి చెయ్యి తియ్యకుండానే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివింది.

"ఒక్క పన్ను తిప్పితే ఆరదన్నమాట."

"ఒక్కసారి కూడా ఆరలేదు వదినా."

"దవడంతా తిప్పితే ఆరుతుంది. ఊరికే వెలిగించి వదిలేస్తే?"

"రోజంతా ఉంటుంది."

"కార్డు వెయ్యక ముందు ఎప్పుడైనా ఆరిందా?"

"లేదు. నిదానంగా నడిచేది, కానీ ఆరేది కాదు."

ఆడపడుచు పుస్తకం మూసింది. "ఇది రోగం కాదే, ఆకలి. కార్డు కొత్త అల్లుడు, తిండి ఎక్కువ. వండిపెట్టేది మాత్రం పాత పొయ్యే. మీ కంప్యూటర్ వెనకాల, కరెంటు తీగ దూర్చే చోట ఒక డబ్బా ఉంటుంది, పవర్ సప్లై అంటారు. లోపలున్న వాటన్నిటికీ అదే కరెంటు వడ్డించేది. దవడంతా గీయమంటే కార్డు ఒక్కసారి నోరు తెరుస్తుంది. ఆ డబ్బా పెట్టలేక చేతులెత్తేస్తుంది."

"దాని మీద నాలుగొందల యాభై వాట్లు అని రాసుందట. సరిపోతుందని కార్డు వేసిన ఆ అబ్బాయే అన్నాడు."

"రాసుందా, ఉందా?" అంది ఆడపడుచు. పళ్ళక్కకు ప్రాణం లేచొచ్చింది. తన భాష మాట్లాడే మనిషి దొరికింది.

డబ్బా విప్పి చూడాలి. కానీ తను విప్పితే అదే తన నేరానికి సాక్ష్యమవుతుంది. అందుకే ఆమె తిన్నగా చిన్నసారు బల్ల ముందుకెళ్ళి నిలబడింది. "సారూ, మీ ఎదురుగానే రేకు విప్పాలి. మీ బావమరిది కూడా ఉండాలి. మా ఆడపడుచు మీటరు తెచ్చి చూస్తుంది."

చిన్నసారు వెంటనే ఫోను చేశాడు. అవతలి గొంతు ఆమె దాకా వినపడింది. "మోటార్లు కట్టే ఆవిడా? కంప్యూటర్‌కా?" అని నవ్వు. చిన్నసారు కూడా నవ్వబోయి, పళ్ళక్క ముఖం చూసి ఆగిపోయాడు. "నువ్వు రా ఒకసారి" అన్నాడు ఫోనులో.

శనివారం పొద్దున్న నలుగురూ పోగయ్యారు. బాబాయి తన బల్ల దగ్గరే ఉన్నాడు, ఇటు చూడకుండా. పళ్ళక్క ముందుగానే కిటికీ దగ్గర ప్లాస్టరు బస్తాల పక్కకు వెళ్ళి, చేతులు రెండూ కనపడేలా కట్టుకుని నిలబడింది.

"నేను కుర్చీలో కూర్చోను. నా కాలూ చెయ్యీ ఎక్కడున్నాయో అందరూ చూడండి. తమ్ముడే కూర్చుని తిప్పుతాడు."

బావమరిది కుర్చీలో కూర్చున్నాడు. ఆడపడుచు పక్క రేకు విప్పించి, లోపలికి టార్చి వేసింది. డబ్బా పక్కన అంటించిన కాగితం మీద 450 అని వేలెడు పొడుగు అంకెలున్నాయి. వాటి కింద చీమల బారులా చిన్న అంకెల పట్టీ.

"ఆ పెద్ద అంకె వదిలెయ్యండి, అది కొనేవాళ్ళ కోసం రాసింది" అంది ఆడపడుచు. "కార్డు తినేది పన్నెండు వోల్టుల తీగ మీద నుంచే. పట్టీలో పన్నెండు ఎదురుగా ఎన్ని ఆంపియర్లుందో చదువు బాబూ."

బావమరిది వంగి చదివాడు. "పదహారు."

"పన్నెండు పదహార్లు?"

"నూట తొంభై రెండు" అంది కిటికీ దగ్గరనుంచి పళ్ళక్క.

"ఆ డబ్బా ఈ తీగ మీద ఇవ్వగలిగేది నూట తొంభై రెండు వాట్లు. అదీ కాగితం నిజం చెబితే. మిగతా లెక్కంతా వేరే తీగలది, కార్డు వాటి జోలికి పోదు. మరి నీ కార్డు ఎంత తింటుంది?"

"నూట ఇరవై."

"దాని పక్కనున్న ప్రాసెసరు?"

"తొంభై అయిదు" అన్నాడు. అని, తనే మనసులో కూడుకున్నట్టున్నాడు, ముఖం పాలిపోయింది. "కానీ కార్డు పెట్టె మీద నాలుగొందల యాభై వాట్లు చాలని ఉంది. దీని మీదా నాలుగొందల యాభై ఉంది. నేను..."

"ఆ పెట్టె ఉందా?"

పెట్టె బీరువా మీదే ఉంది. దుమ్ము దులిపి చూశారు. నాలుగొందల యాభై అన్న మాట నిజమే. దాని పక్కనే, ఇంకా చిన్న అక్షరాల్లో, పన్నెండు వోల్టుల మీద కనీసం ఇరవయ్యారు ఆంపియర్లుండాలని కూడా ఉంది. ఆ పంక్తి అప్పటిదాకా ఎవరూ చదవలేదు.

ఆడపడుచు ఖాళీగా వేలాడుతున్న ఒక ప్లగ్గులోకి మీటరు పుల్లలు రెండూ దూర్చింది, ఒకటి పసుపు తీగకి, ఒకటి నల్ల తీగకి. మీటరు మీద పన్నెండు కనపడింది. "తిప్పు బాబూ. ముందు ఒక్క పన్ను."

తిరిగింది. పదకొండు పాయింటు ఎనిమిది.

"ఇప్పుడు దవడంతా."

పదకొండూ మూడు. చిన్నసారు మీటరు మీదికి వంగాడు. బాబాయి కూడా లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. పదకొండు. పదీ ఎనిమిది. అంతే, తెర నల్లబడింది. ఫ్యాను చప్పుడాగిపోయింది.

బావమరిది చేతులు ఇంకా మౌసు మీదే ఉన్నాయి. పళ్ళక్క చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాయి.

"ఇది కూడా చూడు" అంది ఆడపడుచు. కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే తీగ ఈ డబ్బాకు అసలు లేదు. డిస్కుల కోసం ఉన్న రెండు సన్నని తీగల్ని ఒక జాయింటుతో కలిపి కార్డుకు తగిలించాడు అతను. "ఆ జాయింటు ముట్టుకో."

ముట్టుకుని, చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు.

"ఇంకో రెండు నెలలు ఇలాగే నడిపితే ఆ ప్లాస్టిక్ కరిగి కారేది. ఆరిపోవడమే నయమైంది."

"బావా, నాకు తెలిసి చెయ్యలేదు, ఒట్టు" అన్నాడు బావమరిది. చిన్నసారు అతని వైపు చూడలేదు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది పళ్ళక్కకు ఎప్పటికీ తేలలేదు. చదవకపోవడం ఒక తప్పు, చదివీ ఊరుకోవడం ఇంకో తప్పు; రెండింటిలో ఏదన్నది అతని పళ్ళు చూసి చెప్పగలిగేది కాదు.

చిన్నసారు బల్ల కిందికి వంగాడు. ప్లగ్గు మీది టేపు తనే పీకి, ఉండ చుట్టి, ఎక్కడ పారెయ్యాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

"సారూ, ఆ గీత గీసింది మీరేగా?" అంది పళ్ళక్క.

ఆయన తలొంచుకున్నాడు. "నేనే అక్కా."

"గీత టేపు మీదే ఆపేశారు, గోడ మీదికి వెంట్రుకవాసే వెళ్ళింది. నేను టేపు ఊడదీసి, ప్లగ్గు పీకి, మళ్ళీ అంటించినా మీకు తెలిసేది కాదు. ఈసారి ఎవరినైనా అనుమానించాలనుకుంటే సరిగ్గా గీయండి."

ఆడపడుచు ఫక్కున నవ్వింది. చిన్నసారుకు నవ్వాలో ఏడవాలో తెలియక, "తప్పయింది అక్కా" అన్నాడు. ఆ మాట ఆయన నోట ఆమె వినడం అదే మొదలు. అది నిజమా, మొహమాటమా అని మనసు లేవబోయింది. ఊరుకోమని దాన్ని కసిరింది.

కొత్త డబ్బా రావడానికి నాలుగు రోజులు పట్టింది. బిగించే ముందు పళ్ళక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. పాతది మరమరాల సంచిలా ఉండేది, ఇది ఇటుకలా బరువుంది. బరువుంటే చాలా అని పట్టీ చదివింది. పన్నెండు ఎదురుగా నలభై మూడు. కార్డుకు విడిగా తీగ ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంది. అప్పుడు గానీ బిగించనివ్వలేదు. బావమరిది చెమటలు తుడుచుకుంటూ బిగించాడు. పై దవడా కింద దవడా కలిపి తెరిచి, గంటసేపు గడియారం పెట్టుకుని తిప్పింది. ఆరలేదు. రెండో గంట కూడా తిప్పింది.

తర్వాత ఆమె ఆ పని నేర్చుకుంది. తెర మీద పన్ను చెక్కడం మొదట గాల్లో కుట్టుపని చేసినట్టుండేది, వేలికి ఏమీ తగలదు. ఆరు నెలలకు అలవాటైంది. చిన్నసారు ఆమెను పంపించెయ్యలేదు. పంపించాలన్న ఆలోచన ఆయనకు ఉండేదో లేదో ఆమె అడగలేదు. ల్యాబుకు ఏది కొన్నా ముందు ఆమె చేతిలో పెట్టడం మాత్రం ఆయనకు అలవాటైపోయింది.

బాబాయి ఆపరేషనుకు వెళ్ళాడు. ముందు ఒక కన్ను, నెల తర్వాత రెండోది. ఆ రోజుల్లో ఆమె రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. పిన్ని ఆప్యాయంగా కూర్చోబెట్టింది. బాబాయి నల్లద్దాలు పెట్టుకుని, నిద్రపోతున్నట్టు పడుకునే ఉన్నాడు. నిద్రపోవడం లేదని ఆమెకు తెలుసు.

పనిలో చేరాక కూడా రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం, ఆయన ఇదివరకు పంపిన ప్రతి పన్నుకూ జోడుగా చేసి, నంబరు వేసి దాచుకున్న నమూనాలు డ్రాయరులోంచి తీసి కిటికీ దగ్గర వరుసగా పేర్చాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, ఇలా రా."

ఆమె మైనం కత్తి వదిలేసి వెళ్ళింది.

"ఇవన్నీ ఇంత పసుప్పచ్చగా ఉన్నాయేమిటే? ఆరేడు నెలలుగా ఇవే పంపించానా నేను?"

"పంపించావు బాబాయ్. మూడు నాలుగు వెనక్కి కూడా వచ్చాయి."

"మరి నువ్వు చూడలేదా? పక్కనే కూర్చుంటావు కదా?"

"చూశాను. పొడి కల్తీదని అనుమానపడ్డాను. ఆ పొడి అమ్మేవాడితో రెండుసార్లు పోట్లాడాను కూడా. చిన్నసారుతో చెప్పి వేరే చోట తెప్పించాను."

బాబాయి ఆమె వైపు అలాగే చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. దగ్గేమో అనుకుంది, కాదు, నవ్వు. కొత్త కళ్ళలోంచి నీళ్ళు కారేంత నవ్వు.

"చెయ్యని దానికి నన్ను నిలదీశావు. చేసిన దానికేమో పొడి అమ్ముకునే వాణ్ణి పట్టుకున్నావు!"

"నీ చేతిని అనుమానించడం నాకు చేతకాలేదు బాబాయ్" అంది పళ్ళక్క.

ఆయన కళ్ళు తుడుచుకుని, అన్నిటికంటే పచ్చగా ఉన్న ఒక కోరపన్ను ఏరి ఆమె అరచేతిలో పెట్టాడు. "దీని జోడు ఎవరికి వెళ్ళిందో రిజిస్టరులో చూడు. పిలిపించి కొత్తది వేద్దాం. మైనం నువ్వు చెక్కు, రంగు నేను చూస్తాను."

ఆమె రిజిస్టరు తీసి, పేజీలు తిప్పుతూ, ఆ నంబరు వెతకసాగింది.